పచ్చ సిరా రోజులు: వాల్తేరులో ఉపకులపతి కుర్చీ

ఫైలు తిరిగి వస్తే సెక్షన్‌లో ముందు చూసేది సిరా రంగు. నీలం, నలుపు కింది వాళ్లవి. పచ్చ సిరా అయితే ఉపకులపతి బల్ల మీదినుంచి దిగిందన్నమాట. ఆ పచ్చ గీతల్లోనూ రకాలున్నాయి. "సరే" అని రాసి పొట్టి సంతకం ఉంటే ఆ సాయంత్రమే ప్రొసీడింగ్స్ టైపుకు వెళ్లేవి. "మాట్లాడండి" అని ఉంటే ఆ ఫైలుకు ఇంకో పదిరోజుల ఆయుష్షు. మాట ఏమీ లేకుండా మార్జిన్‌లో చిన్న ప్రశ్నార్థకం మాత్రం పెట్టి పంపారంటే, నోటు రాసినవాడు ఏదో మింగేశాడని ఆయనకు తెలిసిపోయిందని అర్థం. ఆ ప్రశ్నార్థకానికి భయపడినంతగా మెమోకు కూడా ఎవరూ భయపడేవారు కాదు.

ఇప్పుడు ఫైలు తెర మీద నడుస్తోంది, సిరాకు రంగు లేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే విశాఖ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, పుట్టింది 1926 ఏప్రిల్ 26న. నూరేళ్ల పేరు చెప్పి పాత ఉపకులపతుల ఫొటోలకు దండలు పడుతున్నాయి, వాళ్ల గొప్పతనం మీద ఉపన్యాసాలు నడుస్తున్నాయి. బాగానే ఉంది. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేస్తాడో, ఆ పని ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో ఏ ఉపన్యాసంలోనూ రాదు. లక్క వాసన, జిగురు వాసన, సైక్లోస్టైల్ సిరా వాసన కలిసిన పాత ఆఫీసులు తెలిసినవాళ్లకు గుర్తుండేది మాత్రం అదే.

ముందు ఒక చిన్న లెక్క. కట్టమంచి రామలింగారెడ్డి 1926 నుంచి 1931 దాకా ఉపకులపతి. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా. మళ్లీ కట్టమంచి 1936 నుంచి 1949 దాకా, ఏకంగా 13 ఏళ్లు. ఆ తర్వాత వాసిరెడ్డి శ్రీకృష్ణ 1961 దాకా, 12 ఏళ్లు. అంటే మొదటి 35 ఏళ్లకు ఆ కుర్చీ చూసింది ముగ్గురు మనుషుల్ని. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం ఇప్పుడు ఉపకులపతికి గడువు 3 ఏళ్లు. మొదటి ఏడాది ఫైళ్ల పేర్లు పట్టుబడతాయి. రెండో ఏడు నియామకాల ప్రకటన, దాని మీద కోర్టు కేసు. మూడో ఏడు సగం గడిచేసరికి తర్వాత వచ్చేదెవరని క్యాంటీన్‌లో పేర్లు మొదలవుతాయి. అప్పట్నుంచి "కొత్తాయన వచ్చాక చూద్దాం" అని ఫైలు అడుగున పెట్టేస్తారు. పాతవాళ్లు మనకంటే తెలివైనవాళ్లా కాదా అన్నది వేరే సంగతి. వాళ్లకు టైముంది. నాటిన మొక్క కాపుకొచ్చేదాకా వాళ్లే నీళ్లు పోశారు.

కట్టమంచి వారు కుర్చీ ఎక్కేనాటికి వాల్తేరులో ఏమీ లేదు. అసలు ఆఫీసే బెజవాడలో. చిత్తూరు నుంచి వచ్చిన మనిషి, కేంబ్రిడ్జిలో చదివినవాడు, 'ముసలమ్మ మరణం' రాసిన కవి, మైసూరు సంస్థానంలో విద్యాశాఖ నడిపి చూసినవాడు. చేతికి వచ్చింది మాత్రం అంతకుముందు మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీల జాబితా. సొంతంగా పాఠం చెప్పే శాఖ లేకుండా అనుబంధ కాలేజీలతో విశ్వవిద్యాలయం నడపడమంటే, పొయ్యి లేకుండా విందుకు పిలవడమే. సిలబస్ వేయాలంటే పాఠ్యనిర్ణయ మండలి కావాలి. మండలికి సభ్యులు కాలేజీల్లోంచే రావాలి. ఆ కాలేజీల్లో ఎవరు ఏం చెబుతున్నారో ముందు తెలియాలి. అందుకే కొత్త విశ్వవిద్యాలయంలో మొదటి రెండేళ్లూ బయటికి ఏ పనీ కనిపించదు, లోపల మాత్రం ఊపిరాడదు.

దానికి తోడు ఊరి తగాదా. బెజవాడా, రాజమండ్రా, వాల్తేరా? సీమ జిల్లాల వాళ్లకు ఈ మూడూ దూరమే, వాళ్ల కాలేజీలు తిరిగి మద్రాసు కిందికే వెళ్లిపోయాయి. చివరికి 1930లో ప్రధాన కార్యాలయం వాల్తేరు మెరక మీదికి చేరింది. విశ్వవిద్యాలయం ముద్ర కూడా ఆయన ఉన్నప్పుడు వచ్చిందే. గీసింది చిత్రకారుడు కౌతా రామమోహనశాస్త్రి. ఉదయించే సూర్యుడు, 64 విద్యలకు గుర్తుగా కిరణాలు, మధ్యలో స్వస్తిక, తామర, రెండు పాములు, 'తేజస్వి నావధీతమస్తు'. డిగ్రీ పట్టా మీద ఆ ముద్ర చూసుకున్న లక్షల మందిలో ఆ పాములెందుకో అడిగినవాళ్లు తక్కువే. జ్ఞానాన్ని వెతికేవాళ్లకూ, దాన్ని కాపాడేవాళ్లకూ అవి గుర్తు. ఊరు కుదిరింది, ముద్ర కుదిరింది, ఇక కట్టడం మొదలుపెట్టాలి అనుకునే వేళకు ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా కట్టమంచి రాజీనామా ఇచ్చేశారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థకు పెద్ద అయ్యుండి ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలో, నిధుల విడుదల ఉత్తర్వు కోసం సచివాలయం వరండాలో కాచుకున్నవాళ్లకు బాగా తెలుసు.

అప్పటి పద్ధతిలో ఉపకులపతిని సెనేట్ ఎన్నుకునేది. జమీందార్లు, ప్లీడర్లు, కాలేజీ ప్రిన్సిపాళ్లు ఓటు వేయాలి. ఆ దారిలో 1931లో వచ్చిన రాధాకృష్ణన్ చేసిన పనుల్లో ఒకటి మాత్రం ఇప్పటికీ పాఠంలా చూడాల్సింది. తాను తత్వశాస్త్రం మనిషి. డబ్బు, శ్రద్ధ ఎక్కువ పెట్టింది సైన్సు మీద, సాంకేతిక విద్య మీద. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు; సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. లక్ష అంకె కంటే 'ఏటా' అన్న మాట ముఖ్యం. ఒక్కసారి ఇచ్చిన విరాళంతో భవనం లేస్తుంది, మనిషిని పెట్టుకోలేం. ఏటా వచ్చే డబ్బుంటేనే ప్రొఫెసర్ పోస్టుకు జీతం చూపించగలం. దాత కనబడగానే శిలాఫలకం గురించి మాట్లాడే పెద్దలు ఈ తేడా గమనించరు.

ఇక మనుషుల్ని ఏరిన తీరు. సూరి భగవంతం 1932లో భౌతికశాస్త్రానికి వచ్చేనాటికి ఆయన వయసు 23. సి.వి. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన కుర్రవాడు. రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి, ముప్పై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ ఇద్దరూ అప్పుడే ఇంగ్లండు చదువు ముగించుకుని వచ్చిన బెంగాలీ యువకులు. తెలుగుకు పింగళి లక్ష్మీకాంతం. 1933లో రసాయన సాంకేతిక శాఖ మొదలైంది. ఆ డిసెంబరులోనే రవీంద్రనాథ్ ఠాగూర్ వాల్తేరు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. పేరుమోసిన ముసలి ప్రొఫెసర్‌ని తెస్తే పేపర్లో వార్త వస్తుంది. పాతికేళ్లవాణ్ణి తెస్తే పదిహేనేళ్లు శాఖ నిలబడుతుంది. శేషాద్రి 1949లో ఢిల్లీ వెళ్లేదాకా ఇక్కడే ఉన్నారు. ఈ మెట్టలో సముద్రపు గాలి తప్ప ఇంకేమీ లేని రోజుల్లో అంతదూరం నుంచి వాళ్లను ఒప్పించి తేవడం ఉత్తరం రాస్తే అయ్యే పని కాదు. ఇల్లు, ప్రయోగశాల, సామాను కొనడానికి నిధులు, ఈ మూడూ మనిషి రైలు దిగకముందే చూసి పెట్టాలి. కొత్తగా వచ్చినవాడు ఆర్నెల్లు పరీక్షనాళికల కోసం ఇండెంట్లు రాస్తూ కూర్చుంటే ఏడో నెలలో వేరే ఊరికి దరఖాస్తు పెడతాడు. ఏ కాలంలోనైనా ఇంతే.

1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవికి వెళ్లారు, కట్టమంచి తిరిగి వచ్చారు. ఆ ఏడే ఒరిస్సా వేరు రాష్ట్రమై జయపురం అటు పోయింది. రాజుగారితో బంధం మాత్రం తెగలేదు. 1938లో వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తికి 'కళాప్రపూర్ణ' గౌరవ బిరుదు ఇచ్చారు. తర్వాత 1942 ఏప్రిల్ 6. జపాను బాంబులు విశాఖ మీద పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయి 1946 దాకా అక్కడే ఉంది.

ఇల్లు మారితేనే నెల రోజులు గరిటె దొరకదు. విశ్వవిద్యాలయం మారడమంటే ముందు కదలాల్సింది పుస్తకాలు కావు, మార్కుల రిజిస్టర్లు. పుస్తకం పోతే ఇంకోటి కొనొచ్చు. టాబ్యులేషన్ రిజిస్టరు పోతే ఆ ఏడు పాసైనవాడు ఎప్పటికీ పాసైనట్టు రుజువు చేసుకోలేడు. వాటి తర్వాత సేవా పుస్తకాలు, అంటే ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు. ఆ తర్వాత తక్కెడలు, కటకాలు, గాజు సామాను. ఇవి గడ్డి పరిచిన పెట్టెల్లో వెళ్లాలి, ఏ పెట్టెలో ఏముందో జాబితా రెండు ప్రతులు ఉండాలి, ఒకటి పెట్టె లోపల, ఒకటి మనిషి దగ్గర. విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను క్యాంపస్ చెట్లను పెళ్లగించినప్పుడు కూడా వరస మారలేదు. తడిసిన కాగితాల్లో ముందు ఆరబెట్టాల్సింది పరీక్షల విభాగం రికార్డులే. ఎండలో పెట్టకూడదు, సిరా వెలిసిపోతుంది. నీడపట్టున, ఫ్యాను గాలికి, పేజీల మధ్య తెల్ల కాగితం పెట్టి ఆరబెట్టాలి.

వాసిరెడ్డి శ్రీకృష్ణ అర్థశాస్త్రవేత్త. ఆయన పన్నెండేళ్లలో క్యాంపస్ విస్తరించిన తీరు చూస్తే ఈ ఊరి స్వభావం ఆయనకు ఎంత పట్టుబడిందో తెలుస్తుంది. ఎదురుగా సముద్రం ఉంది కదా అని అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్రశాస్త్రవేత్తను 1950ల మొదట్లో పిలిపించారు. ఆ చదువు ఇక్కడ వేళ్లూనుకుంది. 1955లో ఇంజనీరింగ్ మొదలైంది. 1954లో తిరుపతిలో వేరే విశ్వవిద్యాలయం వచ్చింది. 1961 జనవరిలో ఆయన విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లారు, నెల తిరగకుండానే కన్నుమూశారు. గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు. ఆ పుస్తకాల బీరువాల మధ్య చదువుకున్నవాళ్లు "కృష్ణా లైబ్రరీ" అంటారు గానీ నది పేరనుకునేవాళ్లే ఎక్కువ.

తర్వాతి వరసలో ప్రొఫెసర్లే కాదు, రకరకాల మనుషులు వచ్చారు. లంకపల్లి బుల్లయ్య 1968 నుంచి 1974 దాకా ఉన్నారు; ఈ దేశంలో ఉపకులపతులైన తొలి దళితుల్లో ఆయన ఒకరు. ఆయన కాలంలోనే జై ఆంధ్ర ఉద్యమం. ఆయన కాలంలోనే 1972లో కరస్పాండెన్స్ కోర్సులు. మంత్రిగా పనిచేసిన నూజివీడు జమీందారీ బిడ్డ మేకా రంగయ్యప్పారావు వచ్చారు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఆవుల సాంబశివరావు వచ్చారు. మంత్రి ఫైలు చదివే తీరు వేరు, జడ్జి చదివే తీరు వేరు. మంత్రికి ఎవరు అడుగుతున్నారో కావాలి, జడ్జికి ఏ నిబంధన కింద అడుగుతున్నారో కావాలి. ప్రొఫెసర్‌కి రెండూ వద్దు, నోటులో వ్యాకరణం సరిచేస్తూ కూర్చుంటాడు. ఇది కొంత వేళాకోళమే, పూర్తిగా కాదు.

కరస్పాండెన్స్ గురించి కాస్త ఆగాలి. చాలామంది దాన్ని చిన్నచూపు చూశారు. బళ్లో టీచర్లు, పోస్టాఫీసు గుమాస్తాలు, పెళ్లయి చదువాపేసిన ఆడవాళ్లు డిగ్రీ సంపాదించింది దానివల్లే. విశ్వవిద్యాలయానికి చేతిలో ఆడే డబ్బు వచ్చిందీ దానివల్లే. పని చూస్తే పాఠం రాయించడం, అచ్చు, కట్టలు కట్టడం, బుక్‌పోస్టులో పంపడం, సెలవుల్లో తరగతులు. చెడేది ఎప్పుడూ రెండో విడత దగ్గరే. మొదటి విడత పాఠాలు టైముకు వెళ్తాయి. రెండో విడత రాయాల్సిన లెక్చరరు ఆలస్యం చేస్తాడు, ప్రెస్సులో కాగితం ఉండదు. రెండో విడత విద్యార్థికి చేరేలోపు పరీక్ష ఫీజు చివరి తేదీ చేరుతుంది. పాఠం రాయించే ఒప్పందంలోనే తేదీ పెట్టి, సగం పారితోషికం వ్రాతప్రతి అందాకే ఇస్తే ఇది సర్దుకుంటుంది.

ఫైలు సంగతికి వస్తే, రెండు భాగాలు. నోట్ ఫైలు, కరెంట్ ఫైలు. వచ్చిన ఉత్తరాలు, ఉత్తర్వులు కరెంట్ ఫైలులో. వాటి మీద ఆఫీసు చెప్పే మాట నోట్ ఫైలులో. పొద్దున్న టపా వస్తుంది, ఇన్‌వార్డు నంబరు పడుతుంది, అసిస్టెంటు నోటు రాస్తాడు, సూపరింటెండెంటు, అసిస్టెంట్ రిజిస్ట్రారు, డిప్యూటీ రిజిస్ట్రారు, రిజిస్ట్రారు, డబ్బు మాట ఉంటే ఫైనాన్స్ ఆఫీసరు, చివర ఉపకులపతి. మంచి నోటు అంటే "ముందు పేజీలు చూడుము" అనేది కాదు, "కరెంట్ ఫైలు 37వ పేజీ చూడుము" అనేది. ఆ అంకె లేకపోతే పైవాడు వెతకడు, సంతకం పెట్టేస్తాడు. మూడేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లు వెతుకుతారు. ఫైనాన్స్ ఆఫీసరు దగ్గరికి వెళ్లకుండా పైకి పోయిన ఫైలు ప్రతిదీ అప్పే. వడ్డీ తర్వాతి ఉపకులపతి కడతాడు.

చట్టంలో ఒక సౌకర్యం ఉంది. అత్యవసరమైతే పాలకమండలి చేయాల్సిన పని ఉపకులపతి తానే చేసి, తర్వాతి సమావేశంలో ఆమోదం తీసుకోవచ్చు. వరదకో, పరీక్ష వాయిదాకో పెట్టిన వెసులుబాటు అది. ఎజెండాలో ఆమోదం కోరే పనుల జాబితా అసలు ఎజెండా కంటే పొడవైందంటే ఆ విశ్వవిద్యాలయంలో ఏదో తేడా ఉందని ఎవరైనా చెప్పొచ్చు. ఇంకో జబ్బు 'టేబుల్ ఐటం'. ముందు పంపిన కాగితాల్లో లేకుండా, సమావేశంలో టీ వచ్చే వేళకు పంచే కాగితం. చదివేలోపే ఆమోదం అయిపోతుంది.

నియామకాల దగ్గరే ఉపకులపతి పేరు నిలబడేదైనా, పోయేదైనా. ప్రకటన వేయకముందు రోస్టరు రిజిస్టరు సరిచూడాలి. ఏ పోస్టు ఏ వర్గానికి పోవాలో, వెనకబడ్డ ఖాళీలు ఎన్నో. ఒక్క పాయింటు తప్పితే ఆ తర్వాతివన్నీ తప్పుతాయి, చొక్కాకు పై బొత్తాం తప్పు కాజాలో పెట్టినట్టు. అర్హతలు యూజీసీ నిబంధనల్లో ఉన్నట్టు అక్షరం మారకుండా వేయాలి. నిపుణుల జాబితాకు గడువు ఉందో లేదో చూడాలి. ఎంపిక సంఘానికి ఉపకులపతి అధ్యక్షుడు. మినిట్స్ మీద సభ్యులందరి సంతకాలు అదే రోజు, అదే గదిలో పడాలి. సీలు చేసిన కవరు పాలకమండలి ముందు తెరవాలి. "ఢిల్లీ ప్రొఫెసర్ గారు రైలుకు టైమైందని వెళ్లారు, సంతకం పోస్టులో పంపుతారు" అన్నచోట కేసు మొదలవుతుంది. హైకోర్టులో స్టే వచ్చిందంటే చదువు చెప్పాల్సినవాడు ఏళ్ల తరబడి లాయరు ఆఫీసులో కూర్చుంటాడు, క్లాసులో గంటకింత అని తీసుకునే అతిథి అధ్యాపకుడు నిలబడతాడు.

యూజీసీ ప్రణాళిక పోస్టుల కథ ఇంకో రకం. అయిదేళ్ల ప్రణాళికలున్న రోజుల్లో ఢిల్లీ ఒక ప్రొఫెసరు, ఇద్దరు రీడర్లు ఇచ్చేది. సంబరం. ఆ అయిదేళ్లూ అయ్యాక జీతం రాష్ట్రం మోస్తుందని ముందే సమ్మతి ఉత్తరం తీసుకోవాల్సి వచ్చేది. ఉత్తరం వచ్చేదాకా ఆగితే ప్రణాళికలో రెండేళ్లు పోయేవి. ఆగకపోతే మనిషి చేరేవాడు, తర్వాత జీతానికి దారుండేది కాదు. జీతాల సవరణ బకాయిలదీ అదే తంతు. 2006 సవరణకు 2010 మార్చి దాకా 80 శాతం కేంద్రం ఇచ్చింది. మిగతా 20 శాతం రాష్ట్రం పెట్టుకోవాల్సి వచ్చింది. ఈ లెక్కలు ఎవరి జీవితచరిత్రలోనూ ఉండవు.

పరీక్షల విభాగం గురించి రాస్తే పుస్తకమవుతుంది. ఒక్క సంగతి చాలు. ప్రశ్నపత్రాల కవర్లు పైకి ఒకేలా ఉంటాయి. పేపరు కోడ్‌లో ఒక్క అంకె తేడా. పొద్దున్న తొమ్మిదిన్నరకు, హడావుడిలో, రేపటి కవరు ఈరోజు కత్తిరిస్తారు. అందుకే మంచి కేంద్రంలో కవరు కోసేముందు ఇద్దరు ఇన్విజిలేటర్లు కోడ్ గట్టిగా చదివి, కవరు మీద టైము రాసి సంతకం పెట్టేవాళ్లు. తప్పు కవరు తెరిస్తే దాచకూడదు. వెంటనే కంట్రోలరుకు ఫోన్. అరగంటలో చెబితే ఒక్క పేపరు మారుతుంది. మర్నాడు తెలిస్తే అన్ని జిల్లాల్లో పరీక్ష మళ్లీ పెట్టాలి, ఆ ఆదేశం మీద సంతకం ఉపకులపతిది, తిట్లూ ఆయనవే. సెంట్రల్ వాల్యుయేషన్‌లో ఎవరి పేపరో దిద్దేవాళ్లకు తెలియకుండా జవాబు కట్టలకు డమ్మీ నంబరు వేసే గదికి ఒక్కటే తలుపు ఉండాలన్నది పాతవాళ్ల నియమం. ఫలితాలు ఆగిపోవడానికి నూటికి తొంభైసార్లు కారణం మోసం కాదు, ఏదో కాలేజీ ప్రాక్టికల్ మార్కులు పంపకపోవడం.

విశాఖకే ప్రత్యేకమైన శత్రువు తేమ. వర్షాకాలంలో జిగురు కవర్లు వాటంతటవే అంటుకుపోయేవి. లక్క ముద్ర సరిగా గట్టిపడకముందే కట్టల మీద కట్టలు పేరిస్తే కిందివి అతుక్కుని, తీస్తే సీలు ఊడొచ్చేది. ఊడిన సీలు చూసినవాడు ఏమంటాడో తెలుసు కదా. ఇనుప బీరువాలకు తుప్పు. కటకాలకు బూజు. స్నాతకోత్సవానికి పట్టాలు నెల ముందే అచ్చువేయిస్తే అంచులు వంకరపోయేవి, మరీ ఆలస్యం చేస్తే పేర్లలో తప్పులు దిద్దే వ్యవధి ఉండదు.

స్నాతకోత్సవం పేరు చెబితే సర్ సి.ఆర్. రెడ్డి హాలు, గౌన్లు, పూలదండలు గుర్తొస్తాయి. దాని వెనక పని ఇంటిపేరు పొడి అక్షరాల దగ్గర మొదలవుతుంది. పదో తరగతి పత్రంలో ఎలా ఉందో పట్టాలోనూ అలాగే ఉండాలి. స్వయంగా వచ్చేవాళ్ల జాబితా, రానివాళ్ల జాబితా వేరు. ముందురోజు రిహార్సలు. ఊరేగింపులో ముందు రిజిస్ట్రారు, చివర కులపతి, అంటే గవర్నరు, ఆయన ముందు ఉపకులపతి. ఆరంభమైనట్టు కులపతి ప్రకటించాలి. ఆ మాట అనకముందు డీన్ లేచి పేర్లు చదివితే లెక్క కాదు. పట్టాల మీద సంతకం ఉపకులపతిది. అచ్చు సంతకాలు రాకముందు వందేసి కట్టలు బంగళాకు వెళ్లేవి. బంట్రోతు ఒక్కొక్కటీ జరుపుతుంటే సంతకం, పక్కన ఇంకొకరు అద్దుడు కాగితం వేయడం. చేయి నొప్పెట్టే కొద్దీ సంతకం చిన్నదవుతుంది. పాత పట్టా చూసి కట్టలో అది ఎన్నోదో చెప్పే ముసలి గుమాస్తాలుండేవారు.

డబ్బు. జీతాల గ్రాంటు మూడు నెలలకోసారి. ఆలస్యమైతే ఉపకులపతి సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారు, తెల్లారి హైదరాబాదు. అక్కడ కావాల్సింది మంత్రి కంటే ముందు ఆర్థికశాఖలో ఆ సీటు చూసే సెక్షన్ ఆఫీసరు. వెంట తీసుకెళ్లాల్సినవి పోయినసారి గ్రాంటుకు వినియోగ పత్రం, పోస్టులవారీగా జీతాల పట్టిక, పింఛన్ల పట్టిక. వినియోగ పత్రం లేకుండా వెళ్తే మర్యాదగా కాఫీ ఇచ్చి పంపేవారు.

గ్రాంటు ఎదగలేదు, ఇల్లు మాత్రం పంచుకుంటూ వచ్చింది. 1976లో గుంటూరు వైపు నాగార్జున. 1986లో వైద్య కళాశాలలు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి. 2006లో గోదావరి జిల్లాలు నన్నయ విశ్వవిద్యాలయానికి. 2008లో శ్రీకాకుళం అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి. ఆ ప్రాంతాలకు మంచిదే జరిగింది, కాదనలేం. కానీ ఒక్కో పంపకంలో పరీక్ష ఫీజులు, అనుబంధ ఫీజులు అటు పోయాయి; పింఛన్లు ఇటే ఉండిపోయాయి. ఆ ఖాళీ పూడ్చడానికే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు. జీతం రాని శాఖలో ఫీజు పిల్లలు నిండుతారు, ఖాళీ పోస్టు అలాగే ఉంటుంది. మూడేళ్ల మనిషి దీన్ని సరిచేయలేడు, కప్పిపెట్టగలడు. పదమూడేళ్లుంటే కప్పిపెట్టడం కుదరదు; తాను కప్పింది తన కాలికే తగులుతుంది.

కొత్త ఉపకులపతి కోసం వెతుకులాట సంఘంలో ముగ్గురు. విశ్వవిద్యాలయం తరఫున ఒకరు, యూజీసీ తరఫున ఒకరు, ప్రభుత్వం తరఫున ఒకరు. ముగ్గురికి తగ్గకుండా పేర్లు కులపతికి వెళ్లాలి. ప్రొఫెసర్‌గా పదేళ్లు చేసి ఉండాలి. సంఘం సకాలంలో కూర్చోదు, ఎక్కడా కూర్చోదు. అందుకని ఇన్‌ఛార్జి కాలం వస్తుంది. ఇన్‌ఛార్జి నియామకాలు చేయడు, కొత్త కోర్సు పెట్టడు, జీతాల బిల్లు మీద సంతకం చేస్తాడు.

దిగిపోయే రోజు కార్యక్రమం చిన్నది. బాధ్యతల అప్పగింత పత్రం, రెండు వాక్యాలు, పూర్వాహ్ణమా అపరాహ్ణమా అన్నది స్పష్టంగా. ఆ పూట తేడా వస్తే ఒకే రోజుకు ఇద్దరికి జీతం వస్తుంది, ఆడిట్ అభ్యంతరం. దాని వెనక జాబితా: రహస్య కవర్లు ఎన్ని, సీళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయా, చెక్కుల పుస్తకం ఏ నంబరు దాకా వాడారు, బంగళా సామాను, కారు తాళాలు. టేబుల్ మీద మిగిలిన ఫైళ్లకు సంతకం పెట్టరు, అలాగే వెనక్కి పంపేస్తారు. పచ్చ సిరా బుడ్డి మాత్రం జాబితాలో ఉండేది కాదు. బంట్రోతుల పెద్ద డఫేదారు దాని మూత బిగించి సొరుగులో పెట్టేవాడు.